నీల్ దీవికి ఎలా వెళ్ళాలి? పడవ ఎందుకు ఆగుతుంది?

సంక్రాంతికో వేసవికో ఇంటికొచ్చిన పిల్లలు "ఈసారి అరకు వద్దు, అండమాన్ వెళ్దాం" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు విమానం టికెట్ ఎంతని అడుగుతారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరేవాళ్ళకు తేలికగా దొరికే జవాబు అదొక్కటే. చిక్కంతా విమానం దిగాక మొదలవుతుంది. పోర్ట్ బ్లెయిర్ ఒక ఊరు. చూడాలనుకునే తీరాలు, పగడాలు, నీలం నీళ్ళు చాలావరకు అక్కడ ఉండవు. వాటికోసం ఇంకో పడవ ఎక్కి నీల్‌కో హేవ్‌లాక్‌కో పోవాలి. ఆ పడవ ఎప్పుడుంటుంది, ఎందుకు రద్దవుతుంది, ఆ దీవి మీద ఎలా తిరుగుతారు అన్నవే ఇక్కడ చెప్పబోయే సంగతులు. నీల్‌నే ఎంచుకున్నది అది చిన్నది కాబట్టి. చిన్న దీవి దారి తెలిస్తే పెద్ద దీవి దారి దానంతటదే తెలుస్తుంది.

పేర్ల గొడవ ముందే తీర్చేద్దాం. 2018 డిసెంబరు 30న నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాత పేర్లు. టికెట్ మీద 'షహీద్ ద్వీప్' అని కనబడితే కంగారు పడకండి, మీరు వెళ్ళేది నీల్‌కే. ఆ నీల్ ఎవరో తెలిస్తే పేరు మార్చినందుకు ఎవరూ బాధపడరు. 1857 తిరుగుబాటును రక్తంలో ముంచిన మద్రాసు ఫ్యూజిలియర్స్ అధికారి అతను. మద్రాసు మౌంట్ రోడ్డు మీద అతని విగ్రహం తీసెయ్యాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, 1937లో తీసేశారు. దీవి పేరు మారడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది.

అండమాన్‌తో మనకు ఇంత చుట్టరికం ఎందుకు?

శ్రీకాకుళం తీరం ఊళ్ళలో "ఆయన పోర్టుబ్లెయిర్‌లో ఉంటాడు" అన్న మాటను "గాజువాకలో ఉంటాడు" అన్నంత మామూలుగా అంటారు. దీనికి వెనక పెద్ద కథ ఉంది. ఈ తీరం వాళ్ళకు సముద్రం దాటి పనికి పోవడం పాత అలవాటు. కళింగపట్నం, భీమిలి, గోపాలపూర్ రేవుల్లో ఆవిరి ఓడలు ఆగే రోజుల్లో జనం 'రంగం' పోయేవారు, అంటే రంగూన్. 1942లో జపాన్ యుద్ధంతో ఆ దారి తెగిపోయింది. స్వాతంత్ర్యం తర్వాత అండమాన్‌లో రోడ్లు, రేవులు, అడవి పనులు మొదలయ్యేసరికి మళ్ళీ మనవాళ్ళే కదిలారు. తాపీ పనికి, కూలికి, చేపల వేటకు వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళ్ళి వలలు ఆరేసిన చోట కాసేపు నిలబడండి, మన తీరం యాస వినబడుతుంది.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం, అంటే యాభై వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. 2022 పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలిచింది. మరుసటి ఏడు ఆ పార్టీ సభ్యురాలే చైర్‌పర్సన్ అయ్యారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన జిల్లాల వాళ్ళకు అండమాన్ గురించి అడగడానికి ట్రావెల్ ఏజెన్సీ కంటే మంచి దిక్కుంది. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో అక్కడ పదేళ్ళు పనిచేసి వచ్చిన మావయ్య ఒకడు ఉండే ఉంటాడు. ప్యాకేజీ కాగితంలో లేని సంగతులు అతనికి తెలుసు. ఏ నెలలో సముద్రం గోల చేస్తుంది, ఏ జెట్టీలో లైను త్వరగా కదులుతుంది, ఎక్కడ మన భోజనం దొరుకుతుంది, ఇవన్నీ చెబుతాడు.

పోర్ట్ బ్లెయిర్ దాకా ఎలా?

విమానంలో అయితే చెన్నై నుంచి గానీ కోల్‌కతా నుంచి గానీ రెండు గంటల పైచిలుకు, హైదరాబాద్ నుంచి ఇంకొంచెం ఎక్కువ. విశాఖ నుంచి నేరుగా ఉండే విమానాలు ఒక కాలంలో ఉండి ఇంకో కాలంలో ఉండవు కాబట్టి టికెట్ కొనే వారంలోనే చూసుకోవాలి. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వాళ్ళకు నా మాట ఏమిటంటే, కోల్‌కతా దారిని తీసిపారెయ్యకండి. రాత్రి రైలెక్కితే పొద్దున్నకు హౌరా. హైదరాబాద్ దాకా పోయి విమానమెక్కడం కంటే అది దగ్గర. ఒక్కటే జాగ్రత్త: దసరా రోజుల్లో బెంగాలీలు కుటుంబాలతో సహా అండమాన్ కదులుతారు, ఆ రెండు వారాలు ఆ దారిన టికెట్ ముట్టుకోలేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీ మీద అండమాన్ విమాన ప్రయాణానికి ఏళ్ళుగా ఇస్తున్న సడలింపు కూడా సెలవుల్లో రద్దీని పెంచుతుంది. ఇంట్లో కేంద్ర ఉద్యోగి ఉంటే ఆ సంగతి తప్పకుండా కనుక్కోండి, ఖర్చు చాలా తగ్గుతుంది.

భారత పౌరులకు పోర్ట్ బ్లెయిర్, నీల్, హేవ్‌లాక్ వెళ్ళడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఆధార్ చాలు. నికోబార్ వైపూ గిరిజన ప్రాంతాలకూ మాత్రం పాసు ఉండాలి. అమెరికా నుంచి వచ్చిన మనవడి దగ్గర అక్కడి పాస్‌పోర్టు ఉంటే అతనికి నిబంధనలు వేరు, ముందే కనుక్కోవాలి.

మరి ఓడ? విశాఖ నుంచి ఓడ ఉందా?

ఉంది. ఈ ప్రశ్న అడిగేవాళ్ళ కళ్ళల్లో ఒక ఉత్సాహం ఉంటుంది, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. అండమాన్ ప్రభుత్వ నౌకాయాన శాఖ షెడ్యూలు ప్రకారం ప్రయాణం 56 గంటలు. భాగహారం చేస్తే గంటకు 21 కిలోమీటర్లు వస్తుంది. అంత నెమ్మది ఎందుకని అడుగుతారు. ఇవి జనాన్నీ సామాన్లనూ కలిపి మోసే ఓడలు. నీటి నిరోధం వేగంతో పాటు ఊరికే పెరగదు, వేగం రెట్టింపు చేస్తే ఇంజిన్ మీద పడే భారం రెట్టింపు కంటే ఎన్నో రెట్లు అవుతుంది. అంత ఇంధనం తగలబెడితే కూలి మనిషి కొనగలిగిన ధరకు టికెట్ ఇవ్వలేరు. ఆపైన రేవులోకి రావడానికి పోటు కోసమో, బెర్తు ఖాళీ కోసమో బయట లంగరు వేసుకుని నిలబడాల్సి వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మూడు రోజులని లెక్క వేసుకుంటారు.

ఓడలో పైన క్యాబిన్లు ఉంటాయి, అడుగున బంక్ క్లాసు ఉంటుంది. బంక్ అంటే ఒకే పెద్ద హాల్లో మంచాల వరసలు. మన కూలీలు, తాపీ మేస్త్రీలు, చేపల పనివాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఇందులోనే. భోజనానికి డబ్బులు వేరు, క్యాంటీన్ కూడు అందరికీ పడదు కాబట్టి అటుకులు, జంతికలు, ఊరగాయ సంచిలో పెట్టుకోవడం మనవాళ్ళ అలవాటు. ఆ దారిలో ఏళ్ళ తరబడి తిరిగిన 'స్వరాజ్ ద్వీప్' అనే ఓడను కట్టింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. దీవి పేరు కాదు, ఓడ పేరే ముందు పుట్టింది.

ఇబ్బంది ఎక్కడంటే, చెన్నై, కోల్‌కతాల నుంచి నెలకు మూడు నాలుగు ఓడలుంటే విశాఖ నుంచి ఒక్కటే. ఏదైనా ఓడ మరమ్మతుకు డ్రైడాక్ వెళితే ఆ ఒక్కటీ గల్లంతవుతుంది. తేదీ ముందుకో వెనక్కో జరగడం మామూలే. కాబట్టి ఓడ మోజు ఉన్నవాళ్ళకు నా సలహా: వెళ్ళేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు ఓడ. వెళ్ళేటప్పుడు ఓడ ఆలస్యమైతే అక్కడ డబ్బు కట్టిన గదులు, ఫెర్రీ టికెట్లు అన్నీ పోతాయి. వచ్చేటప్పుడు ఆలస్యమైతే ఒకరోజు ఆఫీసు పోతుంది, అంతే. అదీ సెలవుల మధ్యలో ఓడ తేదీ మీకు కుదిరితేనే. ఓడ కోసం సెలవులు మార్చుకోవద్దు. డెబ్భై దాటిన పెద్దవాళ్ళను బంక్ క్లాసులో తీసుకెళ్ళవద్దు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కి ఎలా?

నీల్ 40 కిలోమీటర్ల లోపే. రెండు రకాల పడవలున్నాయి. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ ఫెర్రీ బయల్దేరుతుంది, చేరడానికి సుమారు రెండు గంటలు. ప్రైవేటు కేటమరాన్లు గంటన్నర లోపే చేరుస్తాయి. ఏసీ, మెత్తటి కుర్చీలు, విమానంలో లాగా సీటు నంబర్లు. ధర ప్రభుత్వ ఫెర్రీ కంటే చాలా ఎక్కువ.

ప్రభుత్వ ఫెర్రీలో టికెట్ ఎందుకు దొరకదు? అది టూరిస్టుల కోసం నడిపేది కాదు కాబట్టి. నీల్‌లో సుమారు మూడు వేల మంది ఉంటారు. వాళ్ళు ఆసుపత్రికి, కాలేజీకి, కోర్టుకి పోర్ట్ బ్లెయిర్ రావాలి. వాళ్ళు పండించిన కూరగాయలు రావాలి. అండమాన్‌కు కూరగాయల బుట్ట నీల్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు అక్కడ భూములిచ్చి కూర్చోబెట్టారు, వాళ్ళు దీవిని పొలం చేశారు. అందుకే దీవివాసులకు తక్కువ ధర, వాళ్ళకే ముందు చోటు. అది న్యాయమే. మిగిలిన సీట్లలో మనకు దక్కితే దక్కినట్టు. మీకు టైము ఉండి, సాయంగా పోర్ట్ బ్లెయిర్‌లో చుట్టం ఉంటే ప్రభుత్వ ఫెర్రీకే ప్రయత్నించండి. డెక్ మీద నిలబడి గాలి పీల్చుకుంటూ పోవచ్చు. ప్రైవేటు దాంట్లో చాలావరకు అద్దాల వెనక కూర్చోవాల్సిందే.

గ్రీసులోనూ ఇదే లెక్క. ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవు నుంచి పెద్ద దీవులకు పెద్ద ఓడలు పోటీపడి నడుస్తాయి. చిన్న దీవులకు పోటీ ఉండదు, లాభమూ ఉండదు. నాక్సోస్ పక్కనున్న కూఫోనీసియా, స్కినూసా లాంటి చిట్టి దీవులకు ఎక్స్‌ప్రెస్ స్కోపెలితిస్ అనే చిన్న ఓడ దశాబ్దాలుగా తిరుగుతోంది. ప్రభుత్వం డబ్బు ఇస్తేనే ఇలాంటి మార్గాలు నిలుస్తాయి. చలికాలంలో టూరిస్టులు వెళ్ళిపోయాక మందులు, ఉత్తరాలు, పాలు తెచ్చేది అలాంటి ఓడలే.

చాలామంది పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ అని ముక్కోణంలో తిరుగుతారు. ప్రైవేటు పడవలు ఆ వరసలోనే నడుస్తాయి కాబట్టి అది తేలిక. అయితే నాలుగు రాత్రుల్లో ఇదంతా చుట్టేసే ప్యాకేజీలను నేను మెచ్చను. సగం సెలవు జెట్టీల దగ్గర లైన్లలో పోతుంది. నాలుగు రాత్రులే ఉంటే ఒక్క దీవికి పోండి. ఏది అంటే, పిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇంటికి నీల్. కుర్రాళ్ళు స్కూబా అంటే హేవ్‌లాక్.

ఎండ కాస్తుంటే పడవ ఎందుకు ఆపుతారు?

అందరికీ కోపం తెప్పించేది ఇదే. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, జెట్టీ దగ్గర నీళ్ళు కదలవు, "ఈరోజు ఫెర్రీ లేదు" అంటారు.

జెట్టీ దగ్గర నీళ్ళు కదలకపోవడానికి కారణం జెట్టీని ఎంచుకున్నదే అలాంటి మరుగు చోట కావడం. పడవ పోవలసింది బయటి సముద్రంలో. అక్కడ ఎగసే అలలు ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల వీచిన గాలికి పుట్టి, గాలి చేరకముందే ప్రయాణం చేసి వస్తాయి. గాలి లేకుండానే సముద్రం పొంగినట్టు ఉండడం మన మత్స్యకారులకు తెలిసిన సంగతే. కేటమరాన్ వేగంగా పోయే తేలిక పడవ. ప్రశాంతమైన నీళ్ళ మీద అదే దాని బలం, పెద్ద అలల మీద అదే దాని బలహీనత. అల మీద నుంచి జారి అడుగు నీటికి దబ్బున కొట్టుకుంటుంది, లోపలున్నవాళ్ళు కుర్చీల్లోంచి లేస్తారు. ఇంకో చిక్కు నీల్ దగ్గరే ఉంది. చుట్టూ పగడపు దిబ్బ, అందుకే భరత్‌పూర్ జెట్టీని సముద్రంలోకి పొడుగ్గా కట్టారు. అలల్లో పడవ ఆ జెట్టీకి ఆనుకుని నిలవలేదు. నిలవకపోతే పెట్టెలతో, పిల్లలతో దిగేదెలా?

కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని మనం రేడియోలో వింటూ పెరిగాం. ఆ హెచ్చరిక మనకు చేరేసరికి కథ అండమాన్ దగ్గర చాలాసార్లు నడిచిపోయి ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ 8వ తేదీన అండమాన్‌లో లాంగ్ ఐలాండ్ మీదుగా దాటి, 12న విశాఖ మీద పడింది. మన కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టే గాలుల్లో కొన్ని అక్కడ నడక నేర్చుకుని వస్తాయి. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యదాకా, టూరిస్టు సీజను మొదలయ్యే రోజుల్లోనే, పడవలు ఆగే ప్రమాదమూ ఉంటుంది. 2016 డిసెంబరులో వర్ధా తుఫానుగా మారిన వాయుగుండం వేయిమందికి పైగా టూరిస్టుల్ని హేవ్‌లాక్, నీల్‌లో రోజుల తరబడి ఆపేసింది. నౌకాదళం, కోస్ట్‌గార్డ్ ఓడలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. ఇక మే చివర నుంచి నైరుతి రుతుపవనాలు. ఆ నెలల్లో గది చవక, పడవ మీద నమ్మకం అంతకంటే చవక. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు సముద్రం ఎక్కువగా నిలకడగా ఉంటుంది. సంక్రాంతి వెళ్ళిన తర్వాత బయల్దేరడం మంచిదనడానికి కారణం ఇదే.

గ్రీసు దీవుల్లో ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ జూలై, ఆగస్టు ఎండాకాలంలో, తళతళలాడే ఆకాశం కింద, ఉత్తరపు గాలి ఉధృతంగా వీస్తుంది. మెల్టెమి అంటారు. గాలి హద్దు దాటితే కోస్ట్‌గార్డ్ ఓడల్ని రేవు దాటనివ్వదు. అందుకని తెలిసినవాళ్ళు దీవి నుంచి నేరుగా విమానాశ్రయానికి పోరు, ఏథెన్స్‌లో ఒక రాత్రి ఉండి పోతారు. నీల్‌కూ అదే సూత్రం. చివరి రాత్రి దీవి మీద పెట్టుకోవద్దు, పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టుకోండి. సెల్యులార్ జైలు, రాస్ దీవి చూడటాన్ని చివరి రోజుకు ఉంచండి. పడవ ఒకరోజు ఆలస్యమైతే జైలు చూడటం పోతుంది గానీ విమానం పోదు. ఏజెంట్లు మొదటి రోజే జైలు చూపించేస్తారు. తిప్పి పెట్టమని గట్టిగా అడగండి.

కడుపులో తిప్పకుండా ఎలా?

చెవి లోపల సమతూకం చూసే భాగం "కదులుతున్నాం" అంటుంది. మూసిన ఏసీ గదిలో కుర్చీ వెనకభాగాన్ని చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఈ రెండింటి తగువు కడుపు మీదికి వస్తుంది. ఫోను చూస్తే తగువు పెరుగుతుంది. కిటికీలోంచి దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తే తగ్గుతుంది. పడవ ముందుభాగం ఎక్కువ ఎగిరిపడుతుంది, మధ్యలో, కింది అంతస్తులో సీటు అడగండి. డాక్టరు చెప్పిన మాత్ర వాంతి వచ్చాక కాదు, పడవెక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపు మంచిదనుకుంటారు, కాదు. రెండు ఇడ్లీలు తినండి, పూరీ కూర వద్దు.

నీల్ మీద ఎలా తిరుగుతారు?

ఈ చివర నుంచి ఆ చివరకు అయిదారు కిలోమీటర్లు. ఊళ్ళ పేర్లు రామాయణం లోవి: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. మధ్యలో నీల్ కేంద్ర, అంటే బజారు. జెట్టీ దిగితే ఆటోలు ఉంటాయి. గది బజారు దగ్గరైతే నడిచి కూడా పోవచ్చు, పెట్టెకు చక్రాలుంటే చాలు. సైకిళ్ళు, స్కూటర్లు అద్దెకిస్తారు, స్కూటర్‌కు లైసెన్సు అసలుది చూపించాలి. నా ఓటు సైకిల్‌కే. దారి చాలావరకు చదును, అరటి, పోక తోటల మధ్య నీడ, పక్కన కూరగాయల మళ్ళు. శ్రీకాకుళం ఉద్దానం మనిషికి ఆ పచ్చదనం కొత్త కాదు, నేలకూ నీళ్ళకూ మధ్య ఉన్న రంగు తేడానే కొత్త. గ్రీసులో హైడ్రా దీవిలో మోటారు బండ్లే నిషిద్ధం, గాడిదలు సామాను మోస్తాయి. నీల్‌లో అంత కట్టడి లేదు గానీ, కారు మాట్లాడుకోవాల్సిన అవసరం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు తప్ప ఎవరికీ రాదు.

ఎప్పుడు ఎక్కడికి అన్నది మాత్రం గడియారం చూసి నిర్ణయించకూడదు, పోటుపాట్లు చూసి నిర్ణయించాలి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఆ వేళ ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పున్నమి దగ్గర నీటి ఎత్తు తేడా ఎక్కువ. లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో రాతి తోరణం ఉంది, సముద్రం తొలిచిన సహజ వంతెన. అక్కడికి నీళ్ళు తీసినప్పుడే నడిచి పోగలరు. రాళ్ళ గుంటల్లో చిక్కుకున్న చేపలు, సముద్రపు దోసకాయలు అప్పుడే కనబడతాయి. అదే సమయంలో భరత్‌పూర్‌లో ఈతకు నీళ్ళుండవు, అద్దపు అడుగున్న పడవ పగడాల మీద తేలదు. అక్కడికి పోటు వేళ పోవాలి. కాబట్టి గదిలో దిగగానే "రేపు పాటు ఎన్నింటికి?" అని అడగండి. ఆ ఒక్క జవాబుతో రోజంతా సర్దుకుపోతుంది. రబ్బరు అడుగున్న చెప్పులు తప్పనిసరి. పగడం కోస్తే పుండు త్వరగా మానదు.

సూర్యుడు కూడా అక్కడ ముందే దిగిపోతాడు. శ్రీకాకుళం కంటే పోర్ట్ బ్లెయిర్ దాదాపు 9 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ముప్పై అయిదు నిమిషాల తేడా. గడియారం మాత్రం ఒకటే. వేసవిలో తెల్లవారుజామున అయిదు కాకముందే వెలుగు, డిసెంబరులో సాయంత్రం అయిదుకే సూర్యాస్తమయం. మధ్యాహ్నం కునుకు తీసి నాలుగున్నరకు బయల్దేరి సూర్యాస్తమయం చూద్దామనుకుంటే చీకటి చూస్తారు. సీతాపూర్‌లో సూర్యోదయం కోసం నాలుగున్నరకే సైకిలెక్కాలి. సాయంత్రం దాటితే ఫెర్రీలూ ఉండవు.

చిల్లర సంగతులు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోన్లు మెరుగయ్యాయి, అయినా నీల్‌లో యూపీఐ ఒక్కొక్కప్పుడు మొండికేస్తుంది, నోట్లు దగ్గరుంచుకోండి. దీవిలో నది లేదు, ఎండాకాలం చివర్లో నీళ్ళు తక్కువ, బకెట్ నీళ్ళతో స్నానం ముగించండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద పగడాలు, కొన్ని రకాల గవ్వలు తీసుకుపోవడం నేరం. విమానాశ్రయంలో సంచి తెరిపించి తీసేసుకుంటారు. పిల్లలకు ఈ మాట తీరం మీదికి వెళ్ళకముందే చెప్పండి.

ఇంత దూరం వద్దనుకుంటే?

ఖర్చు భరించలేనివాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళకు పడవ పడుతుందో లేదో చూడాలనుకునేవాళ్ళు ముందు చిల్కాకు పోండి. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా బార్‌కుల్ చేరితే కాళీజాయి దీవికి పడవలు దొరుకుతాయి. మకర సంక్రాంతికి అక్కడ జాతర, ఒడియా వాళ్ళతో పాటు మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళూ పోతారు. సరస్సు కాబట్టి అలలు చిన్నవి, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

అండమాన్‌కే బయల్దేరేవాళ్ళకు చెప్పాల్సిందల్లా చెప్పాను. చెప్పాల్సింది ఇంకొకటుంది, అది టూరిస్టులకు కాదు. బంక్ క్లాసులో మూడు రోజులు పోయే సోంపేట, సంతబొమ్మాళి కూలి మనిషికి విమానం ఎంపిక కాదు. ఇంట్లో పెళ్ళయినా చావయినా అతను నెలకొక్కసారి వచ్చే ఓడ తేదీ చూసుకోవాలి, లేదంటే చెన్నైకో కోల్‌కతాకో చుట్టు తిరగాలి. యాభై వేల మంది తెలుగువాళ్ళున్న దీవులకు విశాఖ నుంచి నెలకు రెండు ఓడలైనా ఉండాలి. ఉత్తరాంధ్ర ఎంపీలు ఢిల్లీలో ఈ మాట గట్టిగా అడగాలి.